తినేటోళ్ళ లెక్క

మొన్న మా గల్లీలోకి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో కాగితాలు, మెడలో బిళ్ళ. ఏ ఇంట్లో నెలకు ఎంత ఖర్చవుతున్నదో రాసుకుంటున్నదట. మా ఆవిడ గడపలో అడ్డంగా నిలబడి, "పాలా? పాలెక్కడియి బిడ్డా, నల్ల చాయనే తాగుతం" అంది. లోపల పొయ్యి మీద పాలు పొంగి, మాడిన వాసన వీధిదాకా వస్తున్నది. ఆ పిల్ల అదే రాసుకొని పక్కింటికి పోయింది. ఎందుకే అట్లా అబద్ధం ఆడినవ్ అని అడిగితే, మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అడిగెటోళ్ళు ఉత్తగనే అడుగుతరా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఈ బుద్ధి ఆమెకు పుట్టింటి నుంచి రాలేదు. నా దగ్గర నేర్చుకున్నది. నేను మా కార్ఖానాలో ఇత్తడి కరిగించి పోసే పోత ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన గుర్తుకు రాగానే నవ్వు ఆగిపోయింది.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. ఎదురుగా ఉన్నప్పుడే ఎవరైనా పేరుపెట్టి గట్టిగా పిలిస్తే మొదట వెనక్కు చూసి, ఆ తర్వాతే పలికేవాడు. ఉన్నాడో పోయాడో తెలియని ఈ రోజున ఆయన పేరు అచ్చులో వేస్తే నన్ను ఊరికే వదులుతాడని నాకు నమ్మకం లేదు.

మెట్టుగూడ అవతల, రైలు పట్టాల పక్కన, రేకుల కప్పు కింద మా ఇత్తడి కార్ఖానా ఉండేది. నల్లాలు, పంపు సామాన్లు, బండ్లకు వేసే బిగింపులు పోసేవాళ్ళం. నేను అక్కడ ఫిట్టర్ని. ఆయన పోసిన సామాను చల్లారాక దాని మీద మిగిలిన కొసలు ఆకురాయితో రాకి నున్నగా చేయడం నా పని. అందరికంటే పెద్ద కూలి ఆయనది. మా దగ్గర ఒక రివాజు ఉండేది: ముందు పోత ఉస్తాద్ కూలి ఎంతో తేల్చి, ఆ కూలిలో ఇంత భాగమని ఫిట్టర్‌కు, ఇంత భాగమని సామాను తిప్పి చెక్కే ఖరాదువాడికి, ఇంత భాగమని కొలిమి ఊదేవాడికి కట్టేవారు. ఆయనకు అణా పెరిగితే అందరికీ ఎంతో కొంత పెరిగేది. ఆయనది ఆగితే అందరిదీ ఆగేది. ఇట్లా మేమందరం ఆయన వెనకాల రైలు డబ్బాల్లాగా వరసగా తగిలించబడి ఉండేవాళ్ళం.

పోతకు ముందు అచ్చు కట్టే తడి ఇసుకను గుప్పెట్లో గట్టిగా పిసికి, ఆ ముద్దను రెండుగా విరిచి, విరిగిన అంచును కంటి దగ్గర పెట్టుకొని చూసేవాడు. అంచు రాలితే ఇసుక మళ్ళీ కలపాల్సిందే. పని అన్నాక అది మామూలే. కానీ ఆయన బజారులో బియ్యం కూడా అట్లాగే పిసికేవాడు, బియ్యం ముద్ద కట్టదని తెలిసి కూడా. బెల్లం పిసికేవాడు. దుకాణంవాడు బట్ట చూపిస్తే బట్టను గుప్పెట్లో నలిపి వదిలి, అది ఎట్లా తెరుచుకుంటుందో చూసేవాడు. కొలిమి సెగకు కనుబొమ్మలు ఏనాడో కాలిపోయాయి గనుక ఆయన దేన్ని చూసినా ఆశ్చర్యపోయినట్టు కనిపించేది గానీ, అది ఆశ్చర్యం కాదు, అనుమానం.

అన్నం తినేటప్పుడు వీపు గోడకు ఆనించి, డబ్బా మూతను పూర్తిగా తీయకుండా ఒక చేత్తో అడ్డం పట్టుకొని, ఆ మూత చాటున తినేవాడు. ఏం తెచ్చుకున్నాడో ఏళ్ళ తరబడి పక్కన కూర్చున్న నాకే తెలియదు. తన ఇసుక చదును చేసే చిన్న తాపీని కార్ఖానాలో వదిలేవాడు కాదు, బొడ్లో దోపుకొని ఇంటికి తీసుకుపోయేవాడు. జీతంనాడు సేఠ్ ఇచ్చిన రూపాయిలను సేఠ్ ముందరే ఇనుప దాగలి మీద మోగించి చూసుకునేవాడు.

"ఏందీ ఉస్తాద్, ఇన్నేండ్లాయె, నా మీద యకీన్ లేదా?" అనేవాడు సేఠ్.

"నీ మీద ఉన్నది సేఠ్. రూపాయి మీద లేదు."

ఆ రూపాయి మీద ఆయనకు అనుమానం ఉండటంలో తప్పేమీ లేదు. అది హాలీ సిక్కా, నిజాం రూపాయి. మా జీతం అందులో. సికింద్రాబాద్ బజారులో సగం దుకాణాలు కల్దార్ అడిగేవి, అంటే ఇంగ్లీషు రాజు బొమ్మ ఉన్న రూపాయి. హాలీ ఇస్తే దాని మీద ఇంకొంత వేసి ఇమ్మనేవాళ్ళు. బన్సీలాల్‌పేట్‌లో మా అద్దె గది యజమాని కూడా కల్దార్ అంటూ కూర్చున్నాడు. "చార్మినార్ బొమ్మ చేతిల పెడుతరు, రాజు బొమ్మ అడుగుతరు. నడుమ మన తోలు ఒలుస్తరు" అనేవాడు ఉస్తాద్.

ఆయన అసలు గుర్తు మాత్రం వేరే. ఏది అడిగినా జవాబు ఒకటే.

"ఉస్తాద్, తిన్నవా?"

"ఎందుకడుగుతున్నవ్?"

"ఉస్తాద్, వాన పడేటట్టున్నదా?"

"ఎందుకడుగుతున్నవ్?"

కొత్తగా వచ్చినవాళ్ళు కోపం తెచ్చుకునేవాళ్ళు. పాతవాళ్ళం ఆ మాట వినడానికే ఏదో ఒకటి అడిగేవాళ్ళం. కానీ ఆ రోజులు సరదా రోజులు కావు. పోలీస్ యాక్షన్ అయి ఇంకా ఎన్నో నెలలు గడవలేదు. అంతకుముందు రజాకార్ల భయం. మా అక్కవాళ్ళ ఊళ్ళో ఇండ్లు తగలబెట్టారు, వాళ్ళు మా గదిలోనే తలదాచుకున్నారు. యాక్షన్ తర్వాత భయం ముసల్మానుల వైపు తిరిగింది. నిన్నటిదాకా రూమీ టోపీ పెట్టుకున్నవాడు దాన్ని ఏ బావిలో పడేశాడో తెలియదు. నిన్నటిదాకా ఆదాబ్ అన్నవాడు నమస్తే అంటున్నాడు. వేలెత్తి చూపిస్తే చాలు, పట్టుకుపోతారని చెప్పుకునేవాళ్ళు. ఎవరు ఎవరి ఇంటి ముందు నిలబడినా ఎదురింటి కిటికీ మూసుకునేది. ఊరంతా మా ఉస్తాద్ లాగా అయిపోయింది.

ఆ సమయంలో సర్కారు తరఫున ఒకాయన మా కార్ఖానాకు వచ్చాడు. ధరలు పెరిగాయి గదా, పనివాళ్ళకు గిరానీ భత్తా ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత ఇవ్వాలి అని లెక్క తీయడానికి. ఇప్పుడు కరువు భత్యం అంటున్నది అదే. మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు, తెల్లటి పంచె, ప్రతి మాటకూ చివర అండీ. "మీ ఇంట్లో ఎంతమందండీ? ఏం తింటారండీ?" అని మమ్మల్ని ఒక్కొక్కరినీ అడుగుతానన్నాడు. జన్మలో మమ్మల్ని ఎవరూ అండీ అన్నది లేదు. అక్కడే మాకు అనుమానం పుట్టింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఉస్తాద్ మూత చాటునుంచి తల ఎత్తి, తనంతట తాను మాట్లాడాడు. అది మాకందరికీ వింత.

"ఇంట్ల గింజలెన్ని ఉన్నయని అడిగినోడు ఎవడన్న ఎన్నడన్న గింజలు ఇచ్చిపోయిండా? లెవీ అని అడిగిండ్రు, కొలుసుకొని పోయిండ్రు. చందా అని అడిగిండ్రు, గుంజుకపోయిండ్రు. ఇప్పుడు ఈయన అండీ అనుకుంట అడుగుతున్నడు. ఉన్నదంటే ఉన్నది పోతది. జెర సోచాయించుండ్రి."

ఖరాదు మల్లయ్య మాలో నోరున్న మనిషి. ఆయన కూడా తలాడించాడు. "నిజమే ఉస్తాద్. బువ్వ తింటున్నం అంటే, బాగనే బతుకుతున్నరు గదా అని ఉన్న కూలి సుత కోస్తరు."

ఇక చూడండి మా తెలివి. మల్లయ్య తన ఇంట్లో వరి అన్నం పండగనాడే వండుతామన్నాడు. కొలిమి దగ్గరి మనిషి చెవి మీద బీడీ పెట్టుకొనే బీడీ అలవాటు లేదన్నాడు. నేను అద్దె లేదన్నాను, మామగారి ఇంట్లో ఉంటున్నానన్నాను, ఆ మాట అంటుంటే చెవులు వేడెక్కాయి. ఉస్తాద్ వంతు వచ్చింది. "నేను, మా ఇంటామె. జొన్న గట్క, ఉప్పు, మిరపకాయ" అని లేచిపోయాడు. లెక్కలాయన రాసుకున్నాడు. మేం సర్కారును భలే బోల్తా కొట్టించామని సాయంత్రం దాకా నవ్వుకున్నాం.

నెల తిరిగేసరికి జవాబు వచ్చింది. ఈ పనివాళ్ళ ఖర్చు ఇప్పుడున్న కూలిలోనే సరిపోతున్నది, భత్తా అక్కరలేదు. సేఠ్ ఆ మాట చదివి వినిపించి, "నేనేం చెయ్యాలె, మీరు చెప్పిందే రాసిండ్రు" అని చేతులు దులుపుకున్నాడు. పక్కన రైల్వేవాళ్ళకు చౌక గింజల దుకాణం ఉండేది, మాకు అదీ లేదు. ఆ వారమే మా గది యజమాని, అద్దె కట్టకుంటే ఖాళీ చేయమని గడువు పెట్టాడు. మా అక్క పిల్లలు, నా పిల్ల, ఇంతమందికి పాలు ఆపేసి గంజి తాగించాం. అప్పుడు నాకు ఏడుపే తక్కువ.

కార్ఖానాలో కోపమంతా ఉస్తాద్ మీదికి మళ్ళింది. మొదట గొణుగుడు, తర్వాత లెక్కలు. ఇద్దరే ఉన్న ఇంటికి ఈయన అన్నేసి గింజలు ఎందుకు కొంటాడు? మోండా మార్కెట్‌లో ఒక దుకాణంలో కాస్త, గల్లీ తిరిగి ఇంకో దుకాణంలో కాస్త కొనడం కొలిమి దగ్గరి మనిషి కళ్ళారా చూశాడట. బ్లాకులో అమ్ముతున్నాడని ఒకడు. కాదు, ఎవరినో దాచాడని ఇంకొకడు. ఇంటికి ఎవరినీ రానివ్వడు, గమనించారా అని మూడోవాడు. ఇవన్నీ అంతకుముందు కూడా ఉన్నవే, అప్పుడు వాటిని చూసి నవ్వేవాళ్ళం.

ఒకరోజు మల్లయ్య ఆయన ఇసుక కుప్ప ముందు నిలబడి అడిగేశాడు. "గట్ల చెప్పమని సేఠ్ నీకేం ముట్టజెప్పిండు ఉస్తాద్?"

"ఎందుకడుగుతున్నవ్?" అన్నాడు ఆయన, అలవాటుగా. ఈసారి ఎవరూ నవ్వలేదు. మల్లయ్య ఇసుక మీద ఉమ్మేసి వెళ్ళిపోయాడు. మల్లయ్య ఉమ్మిన చోటు వరకు ఇసుక తీసి పారేసి, మిగిలింది పిసికి చూసుకున్నాడు ఉస్తాద్.

మల్లయ్యే ఊరుకోక ఆ లెక్కలాయన దగ్గరికి పోయి, మేం చెప్పినవన్నీ అబద్ధాలని ఒప్పుకొని, మళ్ళీ రమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయన మంచివాడే. మళ్ళీ రాస్తానన్నాడు. కాకపోతే ఈసారి నోటిమాట కుదరదు, ఇంటికి వచ్చి పొయ్యి మీద ఏముందో, తినే నోళ్ళు ఎన్నో కంటితో చూస్తానన్నాడు. మీ అందరి కూలి పోత ఉస్తాద్ కూలిని బట్టే కదండీ, ఆయన ఇల్లు చూడనిదే మీ కార్ఖానా లెక్క తేలదండీ అన్నాడు.

ఇంకేముంది, అందరం ఉస్తాద్ మీద పడ్డాం. ఆయన కుదరదన్నాడు. బతిమాలితే కుదరదన్నాడు, తిడితే కుదరదన్నాడు. "ఇంట్ల ఆడోళ్ళున్నరు" అన్నాడు. ఆడోళ్ళు లేని ఇల్లు ఎవరిదని మల్లయ్య అరిచాడు. ఆ రోజు నుంచి ఆయన పక్కన ఎవరూ అన్నానికి కూర్చోలేదు, నేను తప్ప. నేను కూడా ప్రేమతో కూర్చోలేదు. ఆ మూత వెనకాల ఏముందో ఇవాళైనా చూడాలని కూర్చున్నాను.

అట్లా కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆయన నన్ను ప్రశ్న అడిగాడు. నాకు తెలిసి ఆయన ఎవరినైనా అడిగిన సొంత విషయం అదొక్కటే.

"మీ ఇంట్ల ఎంతమంది తింటరు?"

"ఎందుకు ఉస్తాద్?" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఆయన నవ్వాడు. పళ్ళు ఉన్నాయని అప్పుడే తెలిసింది. నేను మా అక్క సంగతి, ఆమె పిల్లల సంగతి, ఊళ్ళో ఇల్లు కాలిన సంగతి, అద్దె గడువు, పాలు ఆపిన సంగతి అన్నీ చెప్పాను. ఆయన నములుతూ వింటూ ఉన్నాడు.

"ఎల్లుండి ఛుట్టీ గదా. ఆ అండీ సాబ్‌ను తోల్కరా. నువ్వొక్కనివే రా. మల్లయ్య వద్దు."

"నన్నే ఎందుకు?"

"అద్దె లేదని చెప్పిననాడు నీ చెవులు ఎర్రగైనయి. నీకు అబద్ధం రాదు" అని డబ్బా మూసేశాడు.

మౌలాలి గుట్ట కిందుగా, పెంకుటిళ్ళ వరసలో చివరి ఇల్లు ఆయనది. తలుపుకు గోనె పరదా. పొద్దున్నే ఎదురొచ్చి, మంచం వాల్చి, చాయ తెప్పించి, వీధి రెండు వైపులా చూసుకున్నాడు. లెక్కలాయన చాయ తాగి, వంట చూడాలండీ అన్నాడు. ఉస్తాద్ లోపలికి వెళ్ళి ఏదో చెప్పి వచ్చి, పరదా పక్కకు లాగి పట్టుకున్నాడు.

పొయ్యి మీద పెళ్ళిలో పెట్టేంత పెద్ద డేగ్‌లో గట్క ఉడుకుతున్నది. దాని చుట్టూ పిల్లలు. చిన్నది, దానికంటే కొంచెం పెద్దది, ఇంకా పెద్దది, గోడ వారగా ఒక ముసలామె, ముఖం మీదికి కొంగు లాక్కున్న ఇద్దరు ఆడవాళ్ళు. ఎవరూ మాట్లాడటం లేదు. చంటిపిల్ల కూడా ఏడవడం లేదు. అంతమంది పిల్లలున్న ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఏడవకుండా ఉండటం ఎవరో వాళ్ళకు నేర్పారు.

"నా చెల్లెలు" అన్నాడు ఉస్తాద్, ఇద్దరిలో ఒకామెను చూపి. "యాక్షన్ అయినంక వాళ్ళ ఊర్ల గడబిడ అయింది. మా బావ లేడు. అత్తను, పిల్లలను తీస్కొని నడుసుకుంట వచ్చింది."

యాక్షన్ తర్వాత పల్లెల్లో ముసల్మానుల మీద ఏం జరిగిందో మాకు అంతో ఇంతో చెవిన పడింది. పడినా పడనట్టే ఉన్నాం. మా అక్క ఇల్లు కాలినప్పుడు మాకున్న కడుపుమంటలో ఇంకొకరి మాట వినడానికి చోటు లేదు. ఆ పిల్లల్ని చూశాక మా అక్క పిల్లలే కళ్ళ ముందు నిలబడ్డారు.

అప్పుడు లోపలి గది చీకట్లోంచి ఒక కుర్రవాడు వచ్చి నిలబడ్డాడు. మీసాలు వస్తున్న వయసు, భుజాలున్న మనిషి. దాచింది వీణ్ణే అని నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. నిజం చెప్పొద్దూ, వీడు రజాకార్లలో తిరిగినవాడేమో అని కూడా ఆ క్షణంలోనే అనిపించింది. లెక్కలాయన కలం కూడా ఆగింది.

"ఇతనెవరండీ?"

ఎందుకడుగుతున్నవ్ అంటాడని చూశాను. లెక్కలాయనకు ఆ ఒక్క మాట చాలు, కాగితం మడిచి లేచేవాడు. మా భత్తా పోయేది, కుర్రవాడు మళ్ళీ చీకట్లోకి పోయేవాడు. ఉస్తాద్ గుప్పెట మూసి తెరిచాడు, చేతిలో ఇసుక లేకున్నా.

"నా చెల్లె కొడుకు. ఆడ పొలం దున్నేటోడు. ఈడ నేను పోత పని నేర్పుతున్న, ఇంట్లనే. అందరికంటె వీడే ఎక్కువ తింటడు. రాస్కో సాబ్. తినేటోళ్ళందరిని రాస్కో. ఒక్కరిని సుత ఇడువకు."

లెక్కలాయన వేలితో ఒక్కొక్కరినీ ఎంచాడు. పదకొండు. గింజలు, నూనె, కట్టెలు, అద్దె, అన్నీ అడిగి రాశాడు. ఉస్తాద్ ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఒక్కసారి కూడా ఎదురు ప్రశ్న వేయలేదు. కాగితం మడుస్తుంటే మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"పేర్లు రాస్కోలే?"

"పేర్లు అక్కరలేదండీ. తినే నోళ్ళ లెక్క చాలు."

లెక్కలాయనను సాగనంపడానికి మేమిద్దరం వీధి మొగదాకా నడిచాం. లెక్కలాయన జట్కా ఎక్కాక ఉస్తాద్ నా మోచేయి పట్టుకున్నాడు. ఇనుప పట్టు.

"చూసినవా, పేర్లు రాయలే."

"మంచిదే గద ఉస్తాద్."

"మొకాలు మతిల పెట్టుకున్నడు" అన్నాడు.

నేను ఎంతో చెప్పాను. లెక్కలాయన మంచివాడన్నాను, ఇంతమంది మొహాలు గుర్తుపెట్టుకోవడానికి ఆయనకేం పని అన్నాను. ఉస్తాద్ నా చెవులు చూస్తూ విన్నాడు. నేను అబద్ధం ఆడటం లేదని ఆయనకు తెలుసు. నాకే తెలియకుండా నన్ను మోసం చేస్తున్నారేమోనని ఆయన అనుమానం.

మర్నాడు ఉస్తాద్ పనికి రాలేదు. జ్వరమేమో అనుకున్నాం. ఆ తర్వాత కూడా రాకపోతే నేను మౌలాలి వెళ్ళాను. గోనె పరదా లేదు, తలుపు బార్లా తెరిచి ఉంది. డేగ్ పెట్టిన పొయ్యి రాళ్ళు తప్ప లోపల ఏమీ లేదు. తెల్లవారుజామున అందరూ మూటలు ఎత్తుకొని పట్టాల వెంబడి నడిచి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఎటు అని అడిగితే, "ఎందుకడుగుతున్నరు?" అని వాళ్ళు నన్నే అడిగారు.

భత్తా వచ్చింది. పదకొండు నోళ్ళ ఇల్లు లెక్కలోకి ఎక్కడంతో మేం అనుకున్న దానికంటే ఎక్కువే వచ్చింది. నా గది అద్దె నిలబడింది, పిల్లలకు పాలు మొదలయ్యాయి. మొదటి భత్తా నాడు మల్లయ్య రూపాయిలు చేతిలో పట్టుకొని ఇసుక కుప్ప దగ్గర నిలబడి, "నేనెంత మాటన్న గద" అని మొహం తిప్పుకున్నాడు. సేఠ్ వేరే ఊరి నుంచి కొత్త పోత మనిషిని తెచ్చుకున్నాడు. మనవాళ్ళు ఊరుకుంటారా, ఉస్తాద్ పారిపోయాడంటే ఆ కుర్రవాడిలో ఏదో ఉండే ఉంటుందని గుసగుసలు. నేను కూడా కొన్నాళ్ళు ఎదురుచూశాను, పోలీసులు వస్తారేమో, ఆ కుర్రవాడి గురించి నన్ను పిలిచి అడుగుతారేమో అని. ఏం చెప్పాలో కూడా తయారుచేసుకున్నాను.

నెలలు పోయాయి, ఏళ్ళు పోయాయి. మౌలాలిలో ఆ ఇంటికిగానీ, మా కార్ఖానాకుగానీ, ఉస్తాద్‌ను అడుగుతూ, ఆ కుర్రవాణ్ణి అడుగుతూ ఎవరూ రాలేదు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఆ ఒక్క మాట ఆయనకు చెప్పి, ఇంటికి తీసుకొద్దామంటే, ఎక్కడున్నాడో మాలో ఎవరికీ తెలియదు.